మెట్రో తెచ్చే భూవిలువ ఎవరి ఖాతాలోకి? పారిస్ మహానగర ప్రాంతం అనుభవం

పారిస్ నగరం చుట్టూ 35 కిలోమీటర్ల పొడవున ఒక వలయ రహదారి ఉంది. 1958లో పనులు మొదలై 1973లో పూర్తయిన ఆ రహదారిని అక్కడివాళ్లు పెరిఫెరీక్ అంటారు. 1840లలో కట్టిన కోటగోడ జాడలోనే అది దాదాపుగా సాగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పదేళ్లలో గోడను పడగొట్టారు గాని, ఆ గోడ గీసిన గీత చెరగలేదు. గీతకు లోపల 105 చదరపు కిలోమీటర్లలో సుమారు 21 లక్షల మంది ఉంటారు. గీతకు బయట, ఇల్-ద-ఫ్రాన్స్ అనే 12,000 చదరపు కిలోమీటర్ల పరిపాలనా ప్రాంతంలో, మరో కోటి మంది ఉంటారు. ఫ్రాన్స్ జనాభాలో ఆరో వంతుకు మించి, దేశ స్థూలోత్పత్తిలో సుమారు 30 శాతం ఈ ఒక్క ప్రాంతానిదే. బెర్లిన్ పురపాలన దాదాపు 890 చదరపు కిలోమీటర్లను, లండన్ మహానగర పాలన దాదాపు 1,570 చదరపు కిలోమీటర్లను చూసుకుంటుంటే, పారిస్ మేయరు అధికారం మాత్రం నేటికీ పాత కోటగోడ దగ్గరే ఆగిపోతుంది.

నగరం చివరిసారి చెప్పుకోదగ్గంతగా విస్తరించింది 1860లో. చుట్టుపక్కల ఊళ్లను కలుపుకొని ఇరవై వార్డుల నగరంగా మారాక, పారిస్ తన హద్దును దాటి పెద్దగా ముందుకు జరగలేదు. కర్మాగారాలు, గ్యాస్ కేంద్రాలు, శ్మశానాలు, మురుగునీటి క్షేత్రాలు, ఆ తర్వాత కార్మికుల ఇళ్లు గీతకు అవతల పెరిగాయి. ఆ అవతలి ఊళ్లలో ఒక్కొక్కటీ ఒక కమ్యూన్. ఒక్కో కమ్యూన్‌కు ఒక ఎన్నికైన మేయరు, సొంత పన్నులు, 1980ల వికేంద్రీకరణ చట్టాల తర్వాత భవనాలకు అనుమతి ఇచ్చే అధికారం ఉన్నాయి. ఇల్-ద-ఫ్రాన్స్‌లో ఇలాంటి కమ్యూన్లు 1,260కి పైగా ఉన్నాయి. ఉద్యోగం వెతుక్కునే మనిషికి, గిడ్డంగి కోసం స్థలం చూసుకునే వ్యాపారికి ఇదంతా ఒకే ఊరు. పన్ను వసూలు చేసే అధికారికి మాత్రం అది వెయ్యికి పైగా ఊళ్లు. ఐరోపాలోని పెద్ద నగర ప్రాంతాలన్నింటిలోనూ ఈ తేడా ఎంతోకొంత కనిపిస్తుంది గాని, పారిస్‌లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ప్రణాళిక చరిత్రను సాధారణంగా రోడ్లు, రైళ్లు, భవనాల చరిత్రగా చెబుతారు. దాని కిందనే భూమి ధరల చరిత్ర ఒకటి నడుస్తుంటుంది. ప్రజాధనంతో రైలు మార్గం వేసినప్పుడు స్టేషన్ చుట్టూ ఉన్న నేల విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదలకు భూయజమాని చేసిన పని ఏమీ ఉండదు. అది యజమాని చేతికి పోతుందా, స్థానిక పురపాలికకా, రైలు వేసిన సంస్థకా, మొత్తం ప్రాంతానికా అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టే ఆ తర్వాత అక్కడ ఎవరు ఇల్లు కొనగలరో, ఏ ఊరు బడి బాగు చేసుకోగలదో చాలావరకు తేలిపోతుంది. రింగు రోడ్డు వార్త పొక్కగానే పొలాల్లో ప్లాట్ల రాళ్లు లేవడం చూసిన తెలుగు పాఠకులకు ఈ చిక్కును విడమరచి చెప్పనక్కర్లేదు. పారిస్ ఈ ప్రశ్నకు అరవై ఏళ్లలో కనీసం మూడు వేర్వేరు జవాబులు ఇచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి తొలి పదిహేనేళ్లలో ఫ్రెంచి ప్రభుత్వం పారిస్‌ను పెంచడం గురించి కాక, ఆపడం గురించే ఎక్కువగా ఆలోచించింది. రాజధాని తక్కిన దేశాన్ని ఎండగడుతోందన్న భావన అప్పట్లో బలంగా ఉండేది. 1955 నుంచి పారిస్ ప్రాంతంలో కొత్త కర్మాగారం కట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేశారు. కర్మాగారాలు నిజంగానే కదిలాయి, కాని అవి ఎక్కువగా రాజధానికి రెండు వందల కిలోమీటర్ల లోపు పట్టణాల్లోనే వాలాయి. ప్రధాన కార్యాలయాలు, పరిశోధన విభాగాలు, బ్యాంకులు కదల్లేదు. ఆంక్ష పెట్టినవారు కోరుకోనిదే జరిగింది: చేతిపని ఉద్యోగాలు బయటికి వెళ్లి, జీతాలు ఎక్కువగా ఉండే ఉద్యోగాలు పారిస్‌లో మరింత చిక్కబడ్డాయి.

1961లో అధ్యక్షుడు ద గోల్ పారిస్ ప్రాంతం బాధ్యతను పాల్ దెలూవ్రియేకు అప్పగించినప్పుడు ఈ ధోరణి తలకిందులైంది. దెలూవ్రియే ఎన్నికైన నాయకుడు కాదు. కేంద్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికారి. 1965లో ఆయన బృందం వెలువరించిన బృహత్ ప్రణాళిక, 2000 సంవత్సరానికి ఈ ప్రాంతంలో కోటి 40 లక్షల మంది ఉంటారని అంచనా కట్టింది. అసలు లెక్క 1999లో కోటి 10 లక్షల లోపే తేలింది గనుక, అంచనా తప్పిందని చెప్పవచ్చు. అయినా ఆ తప్పుడు అంచనా వల్లనే ఆ తర్వాతి రెండు తరాలకు సరిపడా స్థలం, రైలు మార్గాలు ముందుగా సిద్ధమయ్యాయి. మొదట అనుకున్న ఎనిమిది కొత్త పట్టణాలను అయిదుకు కుదించారు: సెర్జీ-పొంత్వాజ్, ఎవ్రీ, మార్న్-లా-వాలే, సాన్-కాంతాన్-అన్-ఈవ్లీన్, మెలున్-సెనార్. వాటిని నగర కేంద్రంతో కలపడానికి ప్రాంతీయ వేగ రైలు వ్యవస్థను తలపెట్టారు. దాన్నే నేడు అందరూ ఆర్‌ఈఆర్ అంటున్నారు.

ప్రణాళికలో పటాలకు దక్కినంత పేరు అందులోని భూసేకరణ పద్ధతికి దక్కలేదు. 1962 నాటి ఒక చట్టం 'వాయిదా అభివృద్ధి మండలం' అనే ఏర్పాటును సృష్టించింది. ఒక ప్రదేశాన్ని అలాంటి మండలంగా ప్రకటిస్తే, అక్కడ ఎవరు భూమి అమ్మజూపినా ముందుగా కొనే హక్కు ప్రభుత్వానిది అవుతుంది. బేరం కుదరకపోతే ధరను నిర్ణయించేటప్పుడు, ప్రకటనకు ఏడాది ముందు ఆ నేల దేనికి వాడుకలో ఉండేదో దాన్నే ప్రాతిపదికగా తీసుకుంటారు. గోధుమ చేనును గోధుమ చేను ధరకే కొంటారన్న మాట. రేపు అక్కడ స్టేషన్ వస్తుందన్న ఆశకు వెల కట్టరు. దెలూవ్రియే బృందం కొత్త పట్టణాల స్థలాలు బయటికి పొక్కకముందే ఈ మండలాలను ప్రకటింపజేసింది. ఆ తర్వాత ప్రతి కొత్త పట్టణానికీ ఒక ప్రభుత్వ అభివృద్ధి సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ భూమి కొని, రోడ్లు, నీరు, మురుగు కాలువలు వేసి, నిర్మాణ సంస్థలకు అమ్మి, వచ్చిన సొమ్మును మళ్లీ ఆ పట్టణంలోనే పెట్టింది. పెరిగిన విలువ ప్రైవేటు చేతికి పోకుండా, పన్ను వేయాల్సిన పనే లేకుండా, ముందే కొనేసి దక్కించుకోవడం ఈ పద్ధతి. ఇది పనిచేసిందనడానికి మార్న్-లా-వాలే ఒక సాక్ష్యం. 1987లో డిస్నీ సంస్థతో ఒప్పందం కుదిరినప్పుడు, 1992లో ఆ విహార కేంద్రం తెరుచుకునేనాటికి ఆర్‌ఈఆర్‌ను షెస్సీ దాకా పొడిగించగలిగినప్పుడు, అంత భూమి ఒకచోట ప్రభుత్వం అదుపులో ఉండటం వల్లనే అది సాధ్యమైంది.

రైలు నడపడానికి డబ్బు మరోచోటి నుంచి వచ్చింది. 1971లో పారిస్ ప్రాంతంలోని యజమాన్యాలపై, వారిచ్చే వేతనాల మొత్తాన్ని బట్టి రవాణా పన్ను వేశారు. ఉద్యోగులు రైలెక్కి వస్తేనే కంపెనీ నడుస్తుంది గనుక, ఆ ఖర్చులో కంపెనీలు పాలుపంచుకోవాలన్నది దాని వెనుక తర్కం. రెండేళ్ల తర్వాత ఇతర ఫ్రెంచి నగరాలకూ దాన్ని వర్తింపజేశారు. ఇప్పుడు పదకొండు మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు చెల్లించే ఆ పన్నే ఇల్-ద-ఫ్రాన్స్ ప్రజా రవాణాకు అతి పెద్ద ఆధారం. ఐరోపాలో తక్కిన దేశాలు ఈ పద్ధతిని పెద్దగా అనుసరించకపోవడం కొంత ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే ఇదే కాలంలో, పడమటి అంచున, దీనికి పూర్తిగా భిన్నమైన కథ నడిచింది. 1958లో ఏర్పడిన ఒక ప్రభుత్వ సంస్థ ప్యూతో, కుర్బెవ్వా, నాంతేర్ కమ్యూన్ల నేల మీద లా దెఫాన్స్ వ్యాపార కేంద్రాన్ని కట్టడం మొదలుపెట్టింది. చారిత్రక నగరంలో ఆకాశహర్మ్యాలు లేవకుండా వాటన్నింటినీ ఒకచోటికి చేర్చడం దాని ఉద్దేశం. 1970లో ఆర్‌ఈఆర్ అక్కడికి చేరింది, 1977 డిసెంబరులో తూర్పు, పడమర మార్గాలు షాత్లే-లె-ఆల్ స్టేషన్ దగ్గర ఒకే గీతగా కలిశాయి. నేడు లా దెఫాన్స్‌లో సుమారు 1,80,000 మంది పనిచేస్తారు. అక్కడ భూమి చదును చేసింది, రైలు వేసింది, వంతెనలు కట్టింది కేంద్ర ప్రభుత్వ సంస్థలే. కాని ఆ టవర్లలోని కంపెనీలు కట్టిన వ్యాపార పన్ను 2010లో రద్దయ్యేదాకా చాలావరకు స్థానిక కమ్యూన్ల ఖజానాకే చేరింది. నలభై అయిదు వేలకు అటూ ఇటూగా జనం ఉన్న ప్యూతో ఫ్రాన్స్‌లోకెల్లా సంపన్నమైన పురపాలికల్లో ఒకటి అయింది. దేశమంతా పెట్టిన పెట్టుబడికి పండిన పంట రెండు మూడు ఊళ్ల గాదెల్లోకి చేరిందన్న మాట.

గీతకు ఈశాన్యాన ఉన్న ఊళ్ల సంగతి ఇందుకు విరుద్ధం. 1964 నాటి చట్టంతో పాత సేన్ జిల్లాను విడగొట్టి, 1968 నుంచి కొత్త జిల్లాలను అమలులోకి తెచ్చారు. సంపన్న పడమటి శివార్లు ఓ-ద-సేన్ జిల్లాగా, కార్మిక ఈశాన్య శివార్లు సేన్-సాన్-దెనీ జిల్లాగా ఏర్పడ్డాయి. కమ్యూనిస్టు పురపాలికలను ఒకచోట చేర్చి తక్కిన జిల్లాలను వారి పట్టు నుంచి తప్పించడానికే గీతలు అలా గీశారని చాలామంది పరిశీలకులు అంటారు. ఉద్దేశం ఏదైనా, ఫలితం మాత్రం స్పష్టమే. 1970ల నుంచి లోహ, రసాయన, యంత్ర పరిశ్రమలు మూతపడుతూ వచ్చాక, అవసరాలు ఎక్కువగా ఉన్న జిల్లాకు ఆదాయం తక్కువగా, ఆదాయం దండిగా ఉన్న జిల్లాకు అవసరాలు తక్కువగా మిగిలాయి. సేన్-సాన్-దెనీలో పేదరికం రేటు 28 శాతం దాకా ఉంది. ఐరోపా ఖండంలోని ఫ్రెంచి జిల్లాల్లో ఇదే అత్యధికం. 1991లో ధనిక కమ్యూన్ల నుంచి కొంత తీసి పేద కమ్యూన్లకు పంచే ప్రాంతీయ సంఘీభావ నిధిని పెట్టారు. అది ఉపయోగపడింది గాని, ఆ పంపకం తేడాను తగ్గించిందే తప్ప తుడిచిపెట్టలేదు.

దూరం అనేది కిలోమీటర్లలో కొలిచేది కాదని చెప్పడానికి క్లిషీ-సూ-బ్వా ఉదాహరణ చాలు. 2005 శరదృతువులో ఫ్రాన్స్ అంతటా వ్యాపించిన అల్లర్లు మొదలైంది ఆ ఊళ్లోనే. పారిస్ హద్దుకు పదిహేను కిలోమీటర్లే అయినా, నగరంలోకి రావడానికి బస్సు పట్టుకొని, రైలు మారి, గంటకు పైగా ప్రయాణించాల్సి వచ్చేది. ట్రామ్ అక్కడికి చేరింది 2019 చివరలో. ఇక్కడ ఆర్థికశాస్త్రం చెప్పేది తేలిగ్గానే అర్థమవుతుంది: గంట ప్రయాణంలో చేరుకోగల ఉద్యోగాలు ఎన్ని ఉంటే కార్మికుడికి అంత మంచి కొలువు దొరికే వీలుంటుంది, కంపెనీకి కూడా అంత తగిన మనిషి దొరుకుతాడు. పెద్ద నగరం పెద్దదిగా ఉండటం వల్ల దక్కే లాభం అదే. కోటీ ఇరవై లక్షల మంది ఉన్న ప్రాంతమైనా, దాని ఈశాన్య మూల నుంచి నైరుతి మూలకు చేరలేకపోతే, ఆచరణలో అది పక్కపక్కనే ఉన్న అనేక చిన్న ఊళ్ల గుంపుగానే మిగిలిపోతుంది. రైలు మార్గాలన్నీ చక్రం ఆకుల్లా కేంద్రం వైపే పోతాయి గనుక, ఒక శివారు నుంచి పక్క శివారుకు వెళ్లాలన్నా పారిస్ నడిబొడ్డుకు వచ్చి తిరిగి బయటికి పోవాలి. రోజుకు పది లక్షలకు మించి ప్రయాణికులను మోస్తున్న, తూర్పు పడమరలను కలిపే ఆర్‌ఈఆర్ 'ఎ' (A) మార్గం ఇరుకైపోవడానికి ఇదొక ముఖ్య కారణం. తూర్పున ఇళ్లు, పడమట కొలువులు, మధ్యలో ఒకే గొట్టం.

గ్రాన్ పారిస్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త వలయ మెట్రో ఈ లోపం నుంచే పుట్టింది. అది పుట్టిన తీరు మాత్రం అంత సరళమైంది కాదు. 2007లో అధ్యక్షుడైన సర్కోజీ ఈ విషయాన్ని చేపట్టి, 2008లో రాజధాని ప్రాంత అభివృద్ధికి క్రిస్టియన్ బ్లాన్‌ను సహాయ మంత్రిగా నియమించారు. పది వాస్తుశిల్ప బృందాలు నగర భవిష్యత్తుపై తమ ఊహలు సమర్పించాయి. బ్లాన్ ఆలోచన వేరు. సాక్లే పీఠభూమిలోని పరిశోధన సంస్థలు, లా దెఫాన్స్‌లోని ఆర్థిక సంస్థలు, రువాసీ విమానాశ్రయం చుట్టూ ఉన్న వాణిజ్యం వంటి ఆర్థిక కేంద్రాలను వేగంగా కలిపే, స్టేషన్లు తక్కువగా ఉండే మార్గం ఆయనకు కావాలి. వామపక్షం చేతిలో ఉన్న ప్రాంతీయ మండలి మాత్రం దగ్గరి శివార్లలో జనం కిక్కిరిసి ఉన్న చోట్ల ఆగే వలయాన్ని అప్పటికే ప్రతిపాదించింది. ఒకరిది ఆర్థికవృద్ధి కోసం వేసే రైలు, మరొకరిది నివాసుల కోసం వేసే రైలు. 2011 జనవరిలో కేంద్ర ప్రభుత్వం, ప్రాంతీయ మండలి రాజీపడి రెండింటినీ కలిపేశాయి. అలా 200 కిలోమీటర్లు, 68 స్టేషన్ల పథకం తయారైంది: 14వ మార్గం పొడిగింపు, కొత్తగా 15, 16, 17, 18 మార్గాలు. రాజకీయంగా అది తెలివైన ఒప్పందమే, కాని ఎవరికీ కాదనకుండా అందరికీ స్టేషన్ ఇచ్చిన పథకం చౌకగా తేలే అవకాశం మొదటినుంచీ లేదు. 2013లో 2,260 కోట్ల యూరోలుగా వేసిన అంచనా, 2017 నాటికి 3,850 కోట్లకు చేరిందని ఫ్రెంచి ఆడిట్ న్యాయస్థానం తన నివేదికలో ఎండగట్టింది.

ఈ ఖర్చు ఎవరు భరిస్తారన్న దగ్గర, 1965 నాటి పద్ధతికీ దీనికీ ఉన్న తేడా కనిపిస్తుంది. దెలూవ్రియే కొత్త పట్టణాలు పొలాల్లో లేచాయి. గ్రాన్ పారిస్ స్టేషన్లు ఇప్పటికే ఇళ్లు, షాపులు, గోదాములు, వేలమంది యజమానులు ఉన్న చోట వస్తున్నాయి. ముందే కొని ఉంచుకోవడం అక్కడ కుదరదు. అందుకని 2010 జూన్ చట్టం నెలకొల్పిన ప్రభుత్వ సంస్థకు ప్రాంతం మొత్తం మీద ప్రత్యేక పన్నుల ఆదాయాన్ని కేటాయించారు. వాటిలో ముఖ్యమైనది కార్యాలయ భవనాల మీద చదరపు మీటరు చొప్పున ఏటా వసూలు చేసే పన్ను. ఆ ఆదాయాన్ని హామీగా చూపి సంస్థ బాండ్ల ద్వారా అప్పు తెస్తుంది. ఆ అప్పు తీరేది 2070 ప్రాంతానికి. స్టేషన్ పక్కనున్న భవన యజమానీ, స్టేషన్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్యాలయ యజమానీ కలిసి మోసే భారం ఇది. ప్రాంతమంతటికీ మేలు జరుగుతుందన్న లెక్కతో చూస్తే ఇది న్యాయమే. కాని స్టేషన్ పక్కనున్న వ్యక్తికి అదనంగా దక్కే విలువను ఈ పద్ధతి దాదాపుగా వదిలేస్తుంది.

ఆ అదనం ఎంత విస్తీర్ణంలో పుడుతుందో లెక్క వేయడం కష్టం కాదు. 68 స్టేషన్ల చుట్టూ 800 మీటర్ల వ్యాసార్థంతో, అంటే పది నిమిషాల నడక దూరంలో, వృత్తాలు గీస్తే వాటి మొత్తం వైశాల్యం సుమారు 137 చదరపు కిలోమీటర్లు అవుతుంది. అక్కడక్కడా ఒకదాని మీద ఒకటి పడే భాగాలు తీసేసినా, పారిస్ నగరమంతటి కంటే అది పెద్దదే. అంత నేల మీద ఏం కట్టాలో, ఎన్ని అంతస్తులకు అనుమతించాలో నిర్ణయించేది చాలావరకు ఆయా కమ్యూన్లు, వాటి సంఘాలే. ఒక మేయరు కార్యాలయాలు కోరుకుంటాడు, ఎందుకంటే వాటికి బడులు అక్కర్లేదు. మరొకరు తమ వీధుల రూపు మారకూడదని కొత్త ఇళ్లకు అడ్డుపడతారు, ఎందుకంటే వచ్చే ఎన్నికల్లో ఓటేసేది ఇప్పటి నివాసులు, రాబోయేవారు కాదు. 2010 చట్టం ప్రాంతంలో ఏటా 70,000 ఇళ్లు కట్టాలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం కేంద్రానిది, అనుమతి సంతకం మేయరుది.

మరి ఈ గీతలను చెరిపేసే ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. 2016 జనవరి 1న 131 కమ్యూన్లతో, సుమారు 70 లక్షల జనాభాతో మెత్రోపోల్ ద్యు గ్రాన్ పారిస్ అనే మహానగర సంస్థ మొదలైంది. పేరు గొప్పగానే ఉంది. దాని చేతికి వచ్చే పన్నుల్లో అత్యధిక భాగం చట్టం ప్రకారం తిరిగి కమ్యూన్లకే పోతుంది. రవాణా ప్రాంతీయ మండలి దగ్గర, మెట్రో నిర్మాణం కేంద్ర సంస్థ దగ్గర, భవన అనుమతులు మేయర్ల దగ్గర ఉండిపోయాయి. దానికి తోడు రువాసీ విమానాశ్రయంలో చాలా భాగం, సాక్లే పీఠభూమి, అయిదు కొత్త పట్టణాల్లో చాలా భాగం దాని హద్దుకు బయటే ఉన్నాయి. అప్పటికే ఉన్న నాలుగు అంతస్తుల పాలన మీద దాన్ని అయిదో అంతస్తుగా కట్టారనే అభిప్రాయంతో విభేదించడం కష్టం.

ఈ విషయంలో కోపెన్‌హాగన్ ఎంచుకున్న దారి ఇంతకంటే సూటిగా ఉంటుంది. 1947లో చేసిన వేళ్ల ప్రణాళిక ప్రకారం ఆ నగరం అరచేతి నుంచి వేళ్లు చాపినట్టు రైలు మార్గాల వెంట పెరిగింది. వేళ్ల సందుల్లో పొలాలు, అడవులు మిగిలాయి. 1980ల చివరికి నగరం ఆదాయం పడిపోయి, అప్పుల్లో చిక్కుకుంది. 1992లో డేనిష్ పార్లమెంటు చట్టం చేసి, విమానాశ్రయానికీ కేంద్రానికీ నడుమ అయిదు కిలోమీటర్ల పొడవు, ఆరు వందల మీటర్ల వెడల్పు ఉన్న సుమారు 310 హెక్టార్ల ప్రభుత్వ భూమిని ఓరెస్టాడ్ పేరుతో ఒక సంస్థకు అప్పగించింది. అందులో నగరానికి 55 శాతం, కేంద్రానికి 45 శాతం వాటా. సంస్థ అప్పు తెచ్చి మెట్రో కట్టాలి, మెట్రో వల్ల ధర పెరిగిన భూమిని అమ్మి ఆ అప్పు తీర్చాలి. 2002లో రైలు నడిచింది. భూమి ఎవరి పేరున ఉందో రైలూ వారిదే గనుక, పెరిగిన విలువ ఎక్కడికీ జారిపోలేదు.

దీన్ని ఆదర్శంగా చూపించేవారు దీని మరో ముఖాన్ని తరచుగా వదిలేస్తారు. అమ్మకాలు అనుకున్నంత వేగంగా సాగలేదు, నిర్మాణ ఖర్చు పెరిగింది, అప్పు తీరే గడువు వెనక్కి జరిగింది. అంతకంటే ముఖ్యంగా, భూమి అమ్మి అప్పు తీర్చాల్సిన సంస్థకు ఆ భూమి ఖరీదుగా అమ్ముడుపోవడమే మేలు. అక్కడ చౌక ఇళ్లు కావాలని నగర సభ్యులు అడిగితే, అదే నగరం యజమానిగా ఉన్న సంస్థ లెక్కలు అందుకు ఒప్పవు. ఓరెస్టాడ్ ఉన్న ఆమేగర్ ద్వీపంలోని సహజ పచ్చికబయళ్ల మీద ఇళ్లు కట్టడంపై ఏళ్ల తరబడి సాగిన గొడవకు మూలం కూడా ఇక్కడే ఉంది: ఏ ముక్కను కాపాడినా మెట్రో ఖాతాలో ఒక చిల్లు పడుతుంది. విలువను ప్రజల ఖాతాలో వేయడం ఒకటి, ఆ విలువ పెరుగుతూనే ఉండాలని ఖాతా ఎదురుచూడటం మరొకటి.

లండన్ మరీ కఠినంగా మొదలై మెత్తబడింది. 1947 నాటి పట్టణ ప్రణాళికా చట్టం అభివృద్ధి హక్కునే జాతీయం చేసి, అనుమతి వల్ల పెరిగే విలువ మొత్తాన్ని, నూటికి నూరు శాతం, రుసుముగా వసూలు చేయాలని చెప్పింది. లాభం ఏమీ మిగలనప్పుడు యజమానులు భూమి అమ్మడం మానుకున్నారు. 1950ల మొదట్లోనే కన్జర్వేటివ్ ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. చట్టంలోని తక్కిన సగం, అంటే ఎక్కడ కట్టకూడదో చెప్పే భాగం, నిలిచిపోయింది. లండన్ చుట్టూ నగరానికి మూడు రెట్ల విస్తీర్ణంలో ఉన్న హరిత వలయంలో నిర్మాణం దాదాపు నిషిద్ధం కాగా, వలయం లోపలి భూమికి ఆ కొరత వల్ల పెరిగే ధర మాత్రం యజమానులదే అయింది. 1986లో మహానగర మండలిని రద్దు చేయడంతో పద్నాలుగేళ్ల పాటు నగరం మొత్తానికి ఎన్నికైన పాలకులే లేకపోయారు. 2000లో మేయరు పదవి వచ్చాక గాని క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గం వంటి పథకానికి ఊరంతా కలిసి చెల్లించే ఏర్పాటు కుదరలేదు. 2010 నుంచి ఒక స్థాయికి మించిన వ్యాపార భవనాలపై పౌండుకు రెండు పెన్నీల అదనపు పన్ను, 2012 నుంచి కొత్త నిర్మాణాలపై రుసుము వసూలయ్యాయి. 2022 మేలో ఎలిజబెత్ లైన్‌గా తెరుచుకున్న ఆ మార్గం గడువును, అంచనాను రెండింటినీ దాటేసినా, ఆ పన్నుపై వ్యాపారవర్గాల నుంచి పెద్ద వ్యతిరేకత రాలేదు. పన్ను దేనికి పోతోందో కళ్లెదుట కనిపించినప్పుడు కట్టేవాడి సణుగుడు తగ్గుతుంది.

జర్మనీలోని రూర్ ప్రాంతం ఇందుకు తిరగబడిన రూపం. అక్కడ సమస్య ధర పెరగడం కాదు, భూమి కదలకపోవడం. బొగ్గు, ఉక్కు కంపెనీలు తమ చేతిలోని విశాలమైన భూములను కొత్త పరిశ్రమలకు అమ్మకుండా దశాబ్దాల పాటు పట్టి ఉంచాయి, తమ కార్మికులను ఆ పరిశ్రమలు లాగేసుకుంటాయన్న భయంతో. చివరికి 1980 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వమే ఒక భూనిధి పెట్టి పాడుబడిన గనుల నేలను కొనాల్సి వచ్చింది. దక్షిణాన, కొలోన్, డ్యుసెల్‌డార్ఫ్ నగరాల మధ్యనున్న మోన్‌హైమ్ అనే చిన్న పట్టణం 2012 నుంచి తన వ్యాపార పన్నును బాగా తగ్గించి కంపెనీలను ఆకర్షించి ధనవంతురాలైంది. పక్క ఊళ్ల మేయర్లు దాన్ని దోపిడీ అన్నారు. ప్యూతో కథే ఇది, టవర్లు లేకుండా.

ఇక పారిస్ దగ్గరికే వస్తే, కొత్త మార్గాల వెంట ఈ ప్రశ్నలు ఒక్కొక్క స్టేషన్ దగ్గర ఒక్కొక్క రూపం తీసుకుంటున్నాయి. గొనెస్ దగ్గరి త్రికోణ భూభాగంలో సారవంతమైన పొలాల నడుమ స్టేషన్ తలపెట్టారు. అక్కడ రావాల్సిన యూరోపాసిటీ అనే భారీ వినోద, వాణిజ్య సముదాయాన్ని 2019 నవంబరులో ప్రభుత్వం రద్దు చేసింది. స్టేషన్ మాత్రం పటంలో మిగిలింది. సాక్లేలో 18వ మార్గం వస్తుందని తెలిసినప్పుడు, పొలాలు ప్లాట్లు కాకుండా కనీసం 2,300 హెక్టార్లను వ్యవసాయానికి, ప్రకృతికి కేటాయించాలని 2010 చట్టంలోనే రాశారు. రైలు తెచ్చేవారే, రైలు పిలిచే నిర్మాణాన్ని ముందే కట్టడి చేశారు. ఆంక్ష ఉన్నచోట రైతు మిగిలాడు, లేనిచోట వివాదం మిగిలింది.

14వ మార్గం 2024 జూన్‌లో, ఒలింపిక్స్‌కు నెల ముందు, సాన్-దెనీ ప్లేయెల్ స్టేషన్ దాకా ఉత్తరాన, ఓర్లీ విమానాశ్రయం దాకా దక్షిణాన తెరుచుకుంది. ప్లేయెల్ దగ్గర మున్ముందు నాలుగు మెట్రో మార్గాలు కలుస్తాయి. పక్కనే క్రీడాకారుల గ్రామంగా కట్టిన భవనాలను సుమారు 2,800 ఇళ్లుగా మారుస్తున్నారు. పాత కర్మాగారాల పేట మీద ఇంత పెట్టుబడి ఒక్కసారిగా కుమ్మరించినప్పుడు, అక్కడ ఇంతకాలం అద్దెకు ఉన్నవాళ్లు అక్కడే ఉండగలరా అన్నది సహజంగా వచ్చే సందేహం. 2000 నాటి చట్టం పట్టణ కమ్యూన్లలో 20 శాతం ఇళ్లు తక్కువ అద్దెకు ఇచ్చే ప్రజా గృహాలు కావాలంది, 2013లో దాన్ని చాలా చోట్ల 25కు పెంచారు. సాన్-దెనీ వంటి ఊళ్లు ఆ లెక్కను ఎప్పుడో దాటేశాయి. నొయ్యీ వంటి సంపన్న కమ్యూన్లు జరిమానా కట్టడానికైనా సిద్ధపడ్డాయి గాని ఆ లెక్కకు దరిదాపుల్లోకి రాలేదు. అద్దె ఇళ్ల భారం అటువైపే ఉండగా, ధరల ఒత్తిడి కూడా ఇప్పుడు అటువైపే మళ్లుతోంది.

ఈ ఒత్తిడికి జవాబుగా వచ్చిన పద్ధతుల్లో ఒకటి చూడటానికి చిన్నదే గాని, పాత ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి ఎత్తుతుంది. 2014, 2016 నాటి చట్టాలు భూమినీ ఇంటినీ వేరుచేసి అమ్మే వీలు కల్పించాయి. నేల ఒక లాభాపేక్ష లేని సంస్థ చేతిలోనే ఉంటుంది. కుటుంబం ఇంటిని మాత్రం కొని, నేలకు నెలనెలా స్వల్ప అద్దె కడుతుంది. అమ్ముకోవాలంటే నిర్ణీత సూత్రం ప్రకారం తేలిన ధరకే, ఆదాయ పరిమితికి లోబడిన మరో కుటుంబానికే అమ్మాలి. చదరపు మీటరు ఇల్లు 10,000 యూరోలకు అటూ ఇటూగా పలికే పారిస్ నగరంలో ఈ పద్ధతిన దాదాపు సగం ధరకు ఇళ్లు ఇస్తున్నారు. స్టేషన్ వచ్చినా, పక్కన పార్కు వచ్చినా, ఆ ఇల్లు కొన్నవారికి దక్కేది నివాసమే, భూమి ధరలో వాటా కాదు. ఇలా దొరికే ఇళ్లు ప్రాంతం అవసరాలతో పోలిస్తే ఇప్పటికి అతి కొద్ది. వాటి కోసం దరఖాస్తు పెట్టుకుంటున్నవారి సంఖ్య మాత్రం ఇళ్ల సంఖ్యను ఎప్పుడో దాటేసింది.